చీపురు మనది, లెక్క ఎవరిది?

(రుషికొండలో పారిశుధ్య కార్మికులు, చుట్టుపక్కల పేటల జనం కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా అచ్చువేస్తున్నాం.)

 

తెల్లారకముందే లేచి, మస్తరు వేయించుకుని, ఎండ ఎక్కేదాకా రోడ్లు ఊడ్చి వచ్చి ఇక్కడ కూర్చున్నారు. మీకు నిద్ర వస్తాదని నాకు తెలుసు. అందుకే పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెప్పను. మనకు రోజూ తగిలే కార్పొరేషను సంగతే మాట్లాడతాను. ఏ డిపార్టుమెంటు ఏ పని చెయ్యాలి, ఎవరికి చేస్తోంది, ఎవరికి చెయ్యటంలేదు, మనం ఎక్కడ నిలబడి అడగాలి అన్నదే ఇవాళ్టి మాట.

ముందుగా ఒకటి అడుగుతాను. పొద్దున చెత్త ఎత్తాలంటే మన వీధి ఎక్కడుందో కార్పొరేషనుకు తెలుసు కదా? మేస్త్రీ మన గుమ్మంలోకి వచ్చి పిలుస్తాడు. మ్యాన్‌హోలు పొంగితే అర్ధరాత్రయినా మనిషిని పంపి లేపుతారు. మరి మన వీధికి కుళాయి వెయ్యాలంటే, కాలువ కట్టాలంటే, ఇంటికి పట్టా ఇవ్వాలంటే ఆ వీధి వాళ్ళ మ్యాపులో ఎందుకు కనపడదు? పని దగ్గర మనల్ని వాళ్ళు వెతుక్కుంటా వస్తారు. హక్కు దగ్గర వాళ్ళను మనం వెతుక్కుంటా తిరగాలి. ఈ తిరుగుడు ఎట్లా ఆపాలన్నదే మన ముందున్న ప్రశ్న.

పట్నమే మన దగ్గరకు వచ్చింది

పల్లెలో బుగతల పెత్తనం కింద, వెలివాడల్లో బతకొద్దు, పట్నం పొండి, చదువుకోండి అని బాబాసాహెబ్ మనకు చెప్పారు. మన తాతలు కొందరు పోయారు. పోర్టులో కూలి చేశారు, రైల్వేలో గ్యాంగుమెన్లయ్యారు, మున్సిపాలిటీలో చీపురు పట్టారు. పోనివాళ్ళ దగ్గరకు పట్నమే నడిచి వచ్చింది.

విశాఖపట్నం మున్సిపాలిటీ 1979లో కార్పొరేషన్ అయింది. 2005 నవంబరులో గాజువాక మున్సిపాలిటీనీ, 32 గ్రామాలనూ కలిపి గ్రేటర్ విశాఖ అన్నారు. 2013లో అటు అనకాపల్లినీ ఇటు భీమిలినీ కూడా కలిపారు. ఊళ్ళను అడిగి కలిపారా? లేదు. ఒక జీవో వచ్చింది, రాత్రికి రాత్రి పల్లె కాస్తా వార్డయిపోయింది.

వార్డయితే ఏమవుతుంది? పంచాయతీ పోతుంది. సర్పంచ్ మన వాడయినా కాకపోయినా, ఊరి మధ్యన నిలేసి అడగడానికి ఒక మనిషి ఉండేవాడు. అతను పోయాడు. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం పల్లెలకే వర్తించింది గానీ పట్నానికి వర్తించలేదు. కాబట్టి ఊరు నగరంలో కలిసిన రోజు కూలోడికి చట్టం ఇచ్చిన వంద రోజుల పని పోయింది. ఇంటి పన్ను మాత్రం పెరిగింది. పొలం పోయి ప్లాటు వచ్చింది. ప్లాటు ఎవరికి వచ్చింది? పొలం ఉన్నవాడికి. పొలంలో కూలి చేసినవాడికి ఏం వచ్చింది? ఆ ప్లాటు మీద కట్టే అపార్టుమెంటుకు ఇటుక మొయ్యడం, కట్టాక దాని ముందు ఊడవడం.

ఇక ఎన్నికల మాట. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతి ఐదేళ్ళకూ మున్సిపల్ ఎన్నికలు జరపాలనీ, జనాభాను బట్టి ఎస్సీలకు వార్డులు రిజర్వు చెయ్యాలనీ అందులో రాశారు. ఇక్కడ 2007లో ఎన్నికైన కౌన్సిలు గడువు 2012లో తీరిపోయింది. మళ్ళీ ఓటు పెట్టె కనపడింది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్ళు స్పెషల్ ఆఫీసర్ల రాజ్యం. స్మార్ట్ సిటీ పథకానికి తొలి 20 నగరాల్లో ఒకటిగా విశాఖను ఎంపిక చేసింది 2016 జనవరిలో. అంటే కోట్ల రూపాయల పనులు ఎక్కడ చెయ్యాలో, ఏ వీధికి ముందు, ఏ వీధికి వెనక అని తేల్చుకున్న కాలంలో మన వార్డు తరఫున అడిగే కార్పొరేటర్ ఒక్కడూ లేడు. దళితుడికి రిజర్వు చేసిన సీటు ఉండటం వేరు, ఆ సీటులో మనిషి కూర్చుని ఉండటం వేరు.

రాంకు ఎవరిది?

స్వచ్ఛ సర్వేక్షణ్ అని ఢిల్లీ వాళ్ళు ఊళ్ళకు మార్కులు వేస్తారు. 2017లో విశాఖకు దేశంలో 3వ స్థానం వచ్చింది. 2022లో పెద్ద నగరాల్లో 4వ స్థానం వచ్చింది. దండలు వేసుకున్నదెవరు? ఫొటోల్లో ఉన్నదెవరు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని విరిచేసినప్పుడు విరిగిన కొమ్మలు, కుళ్ళిన చెత్త, చచ్చిన పశువుల్ని ఎత్తిందెవరు? కరోనా వచ్చి జనం తలుపులు మూసుకున్నప్పుడు వీధిలో ఉన్నదెవరు? చప్పట్లు కొట్టారు, కాళ్ళు కడిగారు. జీతం అడిగితే మాత్రం మీరు మా ఉద్యోగులు కాదు పొమ్మన్నారు.

ఈ 'మా ఉద్యోగులు కాదు' అన్నమాట ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. 1994లో రెండో నంబరు చట్టం తెచ్చి రోజుకూలీ నియామకాలకు తలుపు మూసేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో 212 నంబరు జీవో ఇచ్చి, 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్ళు సర్వీసు నిండిన వాళ్ళనే, అదీ ఖాళీలుంటేనే, పర్మినెంటు చేస్తామన్నారు. ఆ తేదీకి ఇవతల పడినవాళ్ళంతా కాంట్రాక్టరు కిందకు పోయారు. కాంట్రాక్టరు పి.ఎఫ్. కోస్తాడు, కట్టాడో లేదో తెలీదు. ఇ.ఎస్.ఐ. కార్డు అడిగితే రేపంటాడు. 2015లో 279 నంబరు జీవో వచ్చింది. మనుషుల లెక్క తీసేసి పని లెక్కన టెండరుకు ఇస్తామన్నారు. కార్మిక సంఘాలు రోడ్డెక్కి దాన్ని ఎదిరించాయి. 2020లో ఆప్కాస్ అనే సంస్థ పెట్టి అవుట్‌సోర్సింగ్ వాళ్ళను దాని కిందకు చేర్చారు. దళారీ పోయాడు, మంచిదే. కానీ పర్మినెంటు మాత్రం రాలేదు.

జీతం కూడా ఎవరూ దయతలచి పెంచలేదు. 2022 జులైలో సమ్మె చేస్తేనే 15 వేల జీతం మీద 6 వేల ఆరోగ్య అలవెన్సు నిలబడింది. మళ్ళీ 2023 డిసెంబరు చివర్లో రాష్ట్రమంతా చీపుర్లు కింద పెడితే 2024 జనవరి రెండో వారంలో గానీ ప్రభుత్వం దిగి రాలేదు. పండక్కి ముందు వీధుల్లో చెత్త గుట్టలు పడ్డాక, అంతకుముందు కంటికి కనపడని మనుషులు ఒక్కసారిగా కనపడ్డారు. మన బలమేటో మనకంటే ముందు వాళ్ళకు తెలిసింది.

ఒక్క శాతం రిజర్వేషను, సున్నా పోస్టులు

ఇప్పుడు జాగర్తగా వినండి. ఈ మాట రెల్లి, మాల, మాదిగ, పైడి అందరూ కలిసి వినాల్సిన మాట.

ఉత్తరాంధ్ర పట్నాల్లో చీపురు ఎక్కువగా రెల్లోళ్ళ చేతికే ఎందుకు వచ్చింది? వాళ్ళేమైనా చీపురుతో పుట్టారా? పాత తరం రెల్లి కుటుంబాలు పళ్ళు, కూరగాయలు, పశువుల గడ్డి అమ్ముకుని బతికినవి. మున్సిపాలిటీలు వచ్చాక పాకీ పనికి మనుషులు కావలసి వచ్చారు. ఏ కులం నోరెత్తదో ఆ కులాన్ని ఎంచుకున్నారు. తండ్రి చస్తే కొడుక్కి అదే చీపురు, అత్త చస్తే కోడలికి అదే తట్ట. బడికి పోయే గుంటడి చేతిలోనూ అదే. దీన్నే ఉద్యోగమన్నారు. మనం కూడా ఉద్యోగమనే అనుకున్నాం, ఎందుకంటే నెల తిరిగితే జీతం, రిటైరైతే పెన్షను ఉండేవి.

వర్గీకరణ కోసం ఎన్ని ఏళ్ళు కొట్లాడామో మీకు తెలుసు. చంద్రబాబు ప్రభుత్వం తెచ్చిన ఏ బీ సీ డీ వర్గీకరణలో రెల్లి గ్రూపుకు 1 శాతం ఉండేది. 2004 నవంబరులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు తెచ్చింది. రెల్లి, ఉపకులాలకు 1 శాతం, మాదిగ, ఉపకులాలకు 6.5 శాతం, మాల, ఉపకులాలకు 7.5 శాతం.

వచ్చింది, సంతోషం. అయితే ఒక్క శాతం దేనిలో? ప్రభుత్వ ఉద్యోగంలో. మరి రెల్లోడు నూరేళ్ళుగా చేస్తున్న మున్సిపల్ పని ప్రభుత్వ ఉద్యోగం కాకుండా పోయింది కదా! పర్మినెంటు కార్మికుడు రిటైరైతే ఆ పోస్టు అతనితో పాటే ఇంటికి పోతుంది. ఆ చోటుకు అవుట్‌సోర్సింగ్ మనిషి వస్తాడు. మనకు వాటా ఇచ్చినట్టే ఇచ్చి, వాటా పంచాల్సిన ముద్దను తీసేశారు. విస్తరి వేశారు, అన్నం వడ్డించలేదు. ఇంకో సంగతి చూడండి. ఊడ్చే పనిలో నూటికి తొంభై మంది మనవాళ్ళుంటే అక్కడ రిజర్వేషను అన్నమాటే రాదు. శానిటరీ ఇన్‌స్పెక్టరు, హెల్త్ ఆఫీసరు, ఇంజనీరు, కమిషనరు అని మెట్టు ఎక్కేకొద్దీ మనవాళ్ళు పలచబడిపోతారు. కాబట్టి మాలా, మాదిగా, రెల్లీ ఒకరి వాటా ఒకరు లెక్కబెట్టుకోవడంతో ఆగిపోతే చాలదు. మొత్తం పోస్టులు ఎన్ని, వాటిలో ఖాళీలు ఎన్ని, ఎన్నింటిని రద్దు చేశారు అని ముగ్గురూ కలిసి అడగాలి.

మ్యాన్‌హోలు ఖరీదు

ఇంజనీరింగ్ డిపార్టుమెంటు వాళ్ళ చేతిలో భూగర్భ డ్రైనేజీ ఉంటుంది. ఇక్కడ చట్టం చాలా స్పష్టంగా ఉంది. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది. అది కాగితం మీదే ఉండిపోతే, కోలారు బంగారు గనుల తెలుగు పారిశుధ్య కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయనతో ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి పెద్దలు సఫాయి కర్మచారి ఆందోళన్ పెట్టి సుప్రీంకోర్టు దాకా తీసుకుపోయారు. 2013లో కొత్త చట్టం వచ్చింది. రక్షణ సామాను లేకుండా మనిషిని మురుగు గుంటలోకి దించితే అది నేరం. దించినవాడికి మొదటిసారి రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఎస్సీ మనిషి చేత పాకీ పని చేయిస్తే అట్రాసిటీ కేసు కూడా పడుతుందని 2015 సవరణ చెప్పింది.

2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు గుంటల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలివ్వమన్నది. 2023 అక్టోబరు 20న ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. మనిషి శాశ్వతంగా పనికి చెడిపోతే 20 లక్షలకు తగ్గకూడదన్నది. ఈ అంకెలు గుర్తు పెట్టుకోండి. మన వాళ్ళు చనిపోతే కాంట్రాక్టరు వచ్చి రాత్రికి రాత్రి దహనానికి పదివేలు చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకుంటాడు. ఆ వేలిముద్ర వెయ్యకండి. పోస్టుమార్టం చేయించండి, ఎఫ్.ఐ.ఆర్. కాపీ తీసుకోండి. ప్రైవేటు అపార్టుమెంటులో దిగినా, హోటల్లో దిగినా, కార్పొరేషన్ పనిలో దిగినా చట్టం ఒక్కటే. అయితే అన్నిటికంటే ముందు మాట, దిగమంటే దిగకండి. మిషను తెమ్మనండి. డబ్బు మనిషిని తిరిగి తేలేదు.

ఈ కొండ కింద ఎన్ని ఆఫీసులు!

ఇప్పుడు మనం కూర్చున్న రుషికొండ సంగతికి వద్దాం. ఈ ఒక్క చోట నిలబడి చూస్తే ప్రభుత్వమంతా కనపడుతుంది.

కింద సముద్రపొడ్డు టూరిజం వాళ్ళది. పైన కొండ మీద కట్టడాలు టూరిజం కార్పొరేషన్ పేరు మీద కట్టినవి. అటు ఐటీ కొండలు ఏపీఐఐసీ చేతిలోవి. లేఅవుట్లు, మాస్టర్ ప్లాను వీఎంఆర్‌డీఏ చేతిలోవి. పాత వుడాకు 2018లో పెట్టిన కొత్త పేరు అది. భూమి కాగితం తహసీల్దారు దగ్గర. చెత్త, కుళాయి, వీధిలైటు, ఇంటి పన్ను కార్పొరేషను దగ్గర. మనిషి ఒక్కడే, తిరగాల్సిన గుమ్మాలు ఆరు. ప్రతి గుమ్మం దగ్గరా ఒకటే పాట: 'ఇది మా పని కాదు, పక్క ఆఫీసుకెళ్ళు.' చదువుకున్నవాడికే తల తిరిగిపోతుంది, ఇక మన ముసలమ్మలు ఏం చేస్తారు?

ఈ బీచికి 2020 అక్టోబరులో బ్లూ ఫ్లాగ్ అని అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. శుభ్రంగా ఉన్న సముద్ర తీరాలకు డెన్మార్కులోని ఒక సంస్థ ఇచ్చే జెండా అది. 2025 మార్చి మొదట్లో చెత్త, కుక్కలు, నిర్వహణ లోపాలని ఆ జెండాను దింపాల్సి వచ్చింది. మంత్రులు, కలెక్టరు, కమిషనరు అందరూ కదిలారు. కొన్ని వారాల్లోనే జెండా మళ్ళీ ఎగిరింది. చూశారా, ప్రభుత్వం తలచుకుంటే కొన్ని వారాల్లో శుభ్రం చెయ్యగలదు. మన పేటలో ఏళ్ళ తరబడి మురుగు నిలిచి దోమలు కుడుతుంటే ఏ జెండా దింపితే కదులుతారు వీళ్ళు? మనకూ ఒక జెండా ఉంది, నీలి జెండాయే. అది మనమే ఎగరెయ్యాలి.

కొండ మీదకు చూడండి. ఉన్న హరిత రిసార్టును 2021లో పడగొట్టారు. కొండను తొలిచి కొత్త భవనాలు కట్టారు. వ్యవహారం హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ ఎక్కింది. టూరిజం అన్నారు, 2023లో ముఖ్యమంత్రి క్యాంపు ఆఫీసుకు అనువని ఒక కమిటీ సిఫారసు చేసింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక తలుపులు తీసి టీవీల వాళ్ళకు చూపించారు. నాలుగు వందల కోట్లకు పైన ఖర్చు. నెలల తరబడి రాష్ట్రమంతా అందులోని స్నానాల తొట్టె గురించే మాట్లాడుకుంది. ఆ పార్టీ కట్టిందని ఈ పార్టీ తిట్టింది, ఈ పార్టీ ఏం చేస్తుందని ఆ పార్టీ అడిగింది. నీళ్ళు రాని మన కుళాయి మాట ఇద్దరూ ఎత్తలేదు.

సరే, ఇక భూమి లెక్క వేద్దాం. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఇక్కడి ఐటీ కొండ మీద 21.16 ఎకరాలు టీసీఎస్ కంపెనీకి 99 పైసలకు కేటాయించింది. 12 వేల ఉద్యోగాలు వస్తాయన్నారు. రానివ్వండి, మన పిల్లలూ చదువుకుంటున్నారు, ఉద్యోగాలు మనకు వద్దా? కానీ ప్రభుత్వ భూమి తీసుకున్న ప్రైవేటు కంపెనీలో రిజర్వేషను లేదు. ఇప్పుడు రెండో లెక్క. పేదోడికి పట్నంలో ఇల్లు కట్టుకోమని 2020 నుంచి పంచిన స్థలం ఒక సెంటు, అంటే 48 గజాల చిల్లర. 21.16 ఎకరాలంటే 2,116 సెంట్లు. అంటే 2,116 కుటుంబాల ఇళ్ళ జాగా. ఆ ఒక్క సెంటు కోసం మన ఆడవాళ్ళు ఎన్ని ఫారాలు నింపారు, ఎన్నిసార్లు 'అనర్హులు' అనిపించుకున్నారు? 99 పైసల కోసం ఆ కంపెనీ ఎన్ని క్యూల్లో నిలబడింది?

ఆ సెంటు స్థలాలు కూడా ఎక్కడ నుంచి తెచ్చారు? 2020 జనవరిలో 72వ నంబరు జీవో ఇచ్చి విశాఖ చుట్టూ పది మండలాల్లో 6,116 ఎకరాలు సమీకరణ చేస్తామన్నారు. డి-పట్టా భూమి ఇచ్చినవాడికి ఎకరాకు 900 గజాల ప్లాటు. పట్టా లేకుండా పదేళ్ళకు పైన సాగు చేసుకుంటున్నవాడికి 450 గజాలు. అయిదు నుంచి పదేళ్ళ వాడికి 250 గజాలు. ఎకరానికి గజాలెన్ని? 4,840. అంటే పట్టా ఉన్నవాడికి అయిదో వంతు కూడా రాలేదు. ఆ డి-పట్టా భూములు ఎవరివి? చాలావరకు ఎస్సీలవి, బీసీలవి. 1977 చట్టం ప్రకారం అప్పట్లో అమ్మకూడనివి, ఒకరు కొన్నా చెల్లనివి. బుగత కొనకూడదని చట్టం కాపాడితే, ప్రభుత్వమే వచ్చి తీసుకుపోయింది. ఒక పేదవాడి నోటి దగ్గర నుంచి తీసి ఇంకో పేదవాడికి పెట్టి, ఇద్దరి చేతా దండం పెట్టించుకున్నారు.

అడ్డం తిరిగితే ఏం జరుగుతుందో చెప్పాలా? 2017 డిసెంబరులో పెందుర్తి మండలం జెర్రిపోతులపాలెంలో ఇళ్ళ పథకం కోసం భూమి చదును చేస్తుంటే అడ్డుపడ్డ దళిత స్త్రీని బట్టలూడదీసి కొట్టారు. 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో, మడ్డువలస ప్రాజెక్టుకు తీసుకోగా మిగిలిన భూమిలో సాగు చేసుకున్నందుకు అయిదుగురు దళితుల్ని చంపారు. ప్రాజెక్టు అన్న మాట వినపడ్డ ప్రతిచోటా మన రక్తం గానీ, మన భూమి గానీ దాని పునాదిలో ఉంటుంది. అభివృద్ధి వద్దని మనం అనటంలేదు. ఎవరి నేల మీద, ఎవరికోసం అని అడుగుతున్నాం.

చెత్త పోయేది ఎక్కడికి?

మనం ఎత్తిన చెత్త ఎటు పోతుంది? భీమిలి దారిలో కాపులుప్పాడ కొండల్లోకి. బీచ్ రోడ్డులో మేడల వాళ్ళ ఇంట్లో కంపు కొట్టకూడదు కాబట్టి ఊరి చివర పల్లెల ముక్కు కింద పోశారు. ఊరి మధ్యన అగ్రహారం, ఊరి చివర మాలపేట అన్న పాత పద్ధతే ఇది, కొలత మాత్రమే పెరిగింది. ఎన్నో ఏళ్ళు చుట్టుపక్కల జనం పొగ, ఈగలు, చెడిన నీళ్ళు భరించారు. 2022లో అక్కడ చెత్త నుంచి 15 మెగావాట్ల కరెంటు తీసే ప్లాంటు మొదలుపెట్టారు. చెత్త తగ్గితే మంచిదే. కాలిస్తే వచ్చే పొగలో ఏముందో, బూడిద ఎక్కడ పోస్తున్నారో ఆ చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకు నెలనెలా బోర్డు మీద రాసి చెప్పాలి. అది అడగటం మన హక్కు.

ఇదే చెత్త మీద 2021లో పన్ను కూడా వేశారు. పేటల్లో ఇంటికి నెలకు 60, మిగతా చోట్ల 120 రూపాయలు. జనం తిరగబడ్డారు, 2024లో కొత్త ప్రభుత్వం ఎత్తేస్తామని ప్రకటించింది. చెత్త ఎత్తేవాడి ఇంటిమీద కూడా చెత్త పన్ను వెయ్యటం ఈ దేశంలోనే సాధ్యం!

మహాడ్ చెరువు నేర్పిన పాఠం

మరి ఏం చెయ్యాలి? బాబాసాహెబ్ దగ్గరకే పోదాం. మహాడ్ చెరువు గురించి మీరంతా విన్నారు. అది ఎవరి చెరువు? మున్సిపాలిటీ చెరువు. బహిరంగ చెరువులూ బావులూ అంటరానివాళ్ళకు తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది. 1924లో మహాడ్ మున్సిపాలిటీ కూడా తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు మనది అయిపోయింది. కానీ మూడేళ్ళపాటు ఒక్క దళితుడూ గుక్కెడు నీళ్ళు తాగలేకపోయాడు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ జనాన్ని వెంటబెట్టుకుని నడిచి వెళ్ళి దోసిలి పట్టాడు. అప్పుడు అది నిజంగా మనదయింది. ఆ తర్వాత మున్సిపాలిటీ మాట వెనక్కి తీసుకుంది, అగ్రకులాలు కోర్టుకెక్కాయి. బాబాసాహెబ్ పదేళ్ళు కేసు నడిపి 1937లో గెలిచాడు.

ఇందులో మూడు పనులున్నాయి. కాగితం ఉండాలి. కాళ్ళు నడవాలి. చివరిదాకా పట్టు వదలకూడదు. కాగితం లేని ఊరేగింపు సాయంత్రానికి చల్లారిపోతుంది. ఊరేగింపు లేని కాగితం బీరువాలో చెదలు పడుతుంది.

అందుకని ఈ పక్షం రోజుల్లో ప్రతి పేటలో అయిదు పనులు మొదలుపెట్టమని అడుగుతున్నాను.

ఒకటి. పేటకు ఒక నోటుబుక్కు పెట్టండి. ఎన్ని ఇళ్ళు, ఎన్ని కుళాయిలు, నీళ్ళు ఎన్నింటికి వస్తున్నాయి, కాలువ ఎక్కడ ఆగింది, ఎవరికి పట్టా ఉంది, ఎవరికి లేదు, అంతా రాయండి. పదో తరగతి చదివిన ఆడపిల్లలు మనకున్నారు, వాళ్ళ చేత రాయించండి.

రెండు. సమాచార హక్కు చట్టం 2005 కింద అర్జీ పెట్టండి. తెల్లకార్డు ఉంటే రుసుము లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు. 'ఇది మా పని కాదు' అని అర్జీ తిప్పిపంపడానికి వీల్లేదు, వాళ్ళే సంబంధిత ఆఫీసుకు పంపాలని ఆ చట్టంలోనే ఉంది. ఆరు గుమ్మాలు తిరిగే శాపానికి ఇదొక్కటే విరుగుడు.

మూడు. ఆ అర్జీలో ఎస్సీ సబ్‌ప్లాను అడగండి. జనాభా దామాషాలో ఎస్సీలకు నిధులు ఖర్చుపెట్టాలని 2013లో చట్టం తెచ్చుకున్నాం. పదేళ్ళ గడువు తీరబోతుంటే 2023 జనవరిలో మరో పదేళ్ళు పొడిగించారు. మన వార్డులో ఆ పద్దు కింద ఏ వీధికి ఎంత ఖర్చు చూపించారో కాపీ ఇమ్మనండి. తీసుకుని ఆ వీధికి పోయి కొలవండి. కాగితం మీద వేసిన సిమెంటు రోడ్డు నేల మీద ఉందో లేదో కొలిస్తే తెలుస్తుంది.

నాలుగు. కార్మికులు ప్రతి ఒక్కరూ పి.ఎఫ్. చిట్టా, ఇ.ఎస్.ఐ. కార్డు చేతిలో పెట్టుకోండి. పర్మినెంటు పోస్టులు ఎన్ని ఉండేవి, ఎన్ని మిగిలాయి అని సంఘం తరఫున రాసి అడగండి.

అయిదు. వార్డు ఆఫీసుకు, 2019లో పెట్టిన వార్డు సచివాలయమే అనండి, రేపు ఇంకో పేరు పెట్టినా అదే అనండి, ఒక్కరు పోకండి. పదిమంది పొండి. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ గాల్లో మాట.

ఇవి చిన్న పనులని కొందరు తమ్ముళ్ళు అనొచ్చు. రాజ్యాధికారం గురించి చెప్పకుండా కుళాయి గురించి చెప్తాడేమిటి ఈయన అనొచ్చు. తమ్ముడూ, వార్డు లెక్క అడగలేనివాడు రాష్ట్రం లెక్క ఎట్లా అడుగుతాడు? రాజ్యం అంటే కొండ మీద భవనం ఒక్కటే కాదు. మన వీధి కాలువకు సంతకం పెట్టే కలం కూడా రాజ్యమే. ఆ కలం ఎవరి చేతిలో ఉందో తెలియనంతకాలం ఓటు వేసినా మనం చీపురు దగ్గరే ఉంటాం.

ఈ నగరాన్ని పొద్దున్నే మనమే లేపుతున్నాం. మనం చెయ్యి తీస్తే మూడో రోజుకు ముక్కు మూసుకుంటుంది. అంత బలం ఉన్నవాళ్ళం, లెక్క అడగడానికి భయపడతామా? చీపురు పట్టిన చేత్తోనే అర్జీ పట్టండి. మన పిల్లల చేతికి మాత్రం చీపురు ఇవ్వకండి, ఆ లెక్కల పుస్తకం ఇవ్వండి.

వచ్చే సభకు ప్రతి పేట నుంచి నోటుబుక్కు పట్టుకుని రండి. ప్రసంగాలు తగ్గించి, అవి చదువుకుందాం.

జై భీమ్!